సగం కంచం

"కూర బాగాలేదా అంటే బాగుందనే అంటాడు సార్. సగం తిని లేస్తాడు. కంచంలో ఎడమ పక్క అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంటది. నామీద కోపమేమో మరి."

పల్నాటి పల్లె నుంచి భర్తను తీసుకొచ్చిన ఒక రైతు ఇల్లాలు న్యూరాలజీ ఓపీలో చెప్పుకున్న గోడు ఇది. పెద్దాయనకు పక్షవాతం వచ్చి మూడు వారాలైంది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కాలు కొంచెం కొంచెంగా తేరుకుంటోంది. ఆమె దిగులంతా కంచంలో మిగిలిపోతున్న అన్నం మీదే ఉంది.

డాక్టరు తెల్లకాగితం ఇచ్చి గడియారం బొమ్మ వేయమన్నాడు. పెద్దాయన గుండ్రంగా గీత గీసి, పన్నెండు అంకెలనూ కుడి పక్కనే ఇరికించాడు. డాక్టరు ఈసారి ఆయన ఎడమ చేతిని తానే పైకెత్తి, కళ్లముందుకు తెచ్చి, "ఇదెవరి చెయ్యి పెద్దాయనా?" అని అడిగాడు. ఆయన చాలాసేపు దానివైపు చూశాడు. "మా తమ్ముడిదై ఉంటది" అన్నాడు. వెనక నిలబడిన కోడలు కిసుక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మెదడు కుడి సగంలో, నడినెత్తికి కాస్త వెనగ్గా ఉండే భాగానికి రక్తం అందకపోతే ఇలా జరుగుతుంది. కళ్లు బాగానే పనిచేస్తుంటాయి. కానీ 'ఎడమ' అనే వైపే ఆ మనిషి లోకంలోంచి చెరిగిపోతుంది. ఉన్న వస్తువు పోతే ఎవరైనా వెతుక్కుంటారు. ఉందన్న ఎరుకే పోయినదాన్ని వెతుక్కోవాలని ఎవరికీ తోచదు. ఇదంతా డాక్టరు ఐదు నిమిషాలు విడమరిచి చెప్పాడు, ముగ్గురూ తల ఊపారు. చీటీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లిన కొడుకు వెనక్కి తిరిగి, "మరి పిచ్చి తగ్గడానికి బిళ్లలేమన్నా రాశారా సార్?" అని అడిగాడు.

ఆ ఐదు నిమిషాల్లో డాక్టరు చేరవేయలేకపోయిన సంగతిని పారిస్‌లో ఒక నటుడు అద్దం ముందు కూర్చుని, గడ్డం గీసుకుని చూపించాడు. 1993లో బూఫ్ దు నోర్ అనే పాత నాటకశాలలో దర్శకుడు పీటర్ బ్రూక్ ప్రదర్శించిన 'లోమ్ కి' నాటకంలోది ఆ దృశ్యం. నటుడు ముఖమంతా నురగ పూసుకుంటాడు. ఒక పక్కనే గీసుకుంటాడు. పని పూర్తయిందన్న తృప్తితో కత్తి పక్కన పెడతాడు. అప్పుడు డాక్టరు పాత్రధారి అతని ముఖాన్ని వీడియో తెరమీద చూపిస్తాడు. అద్దంలో కనపడని రెండో చెంప, నురగతో సహా, తెరమీద కనపడుతుంది. అతని ముఖంలో పుట్టే భయం చూశాక ప్రేక్షకుడికి 'పిచ్చి' అనే మాట నోట రాదు.

ఈ నాటకానికి మూలం ఒక డాక్టరు రాసిన కేసుల పుస్తకం. లండన్‌లో వైద్య దంపతులకు పుట్టి, అమెరికాలో స్థిరపడిన న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్ 1985లో, భార్యను టోపీ అనుకున్న మనిషి కథ పేరుతో తన రోగుల గురించి ఒక పుస్తకం వెలువరించాడు. ఆ మనిషి సంగీతం మాస్టారు. చూపు బాగానే ఉన్నా, చూసినదేమిటో మెదడు పోల్చుకోలేదు. చేతిలో గులాబీ పెడితే ఎర్రటి మడతలనూ పచ్చటి కాడనూ వర్ణించాడు తప్ప అది గులాబీ అని చెప్పలేకపోయాడు. వాసన చూశాక గానీ తెలియలేదు.

అదే పుస్తకంలో, అరవై దాటిన ఒకావిడ ఉంది. ఆమె జబ్బు కూడా మన పల్నాటి పెద్దాయన జబ్బే. సగం ముఖానికే పౌడరూ రంగూ వేసుకునేది. భోజనం చాల్లేదని నర్సుల మీద విసుక్కునేది. ఎడమకు తిరగాలన్న ఆలోచనే రాదు కాబట్టి, తన చక్రాల కుర్చీని కుడి వైపుకే గుండ్రంగా తిప్పుకుంటూ వచ్చేది. అలా చుట్టూ తిరిగేసరికి మిగిలిన సగం భోజనం కనపడేది. అందులోనూ సగమే తినేది. ఇంకా ఆకలేస్తే మళ్లీ ఒక చుట్టు. తన లోపమేమిటో బుద్ధితో తెలుసుకుని, దాన్ని గెలవడానికి ఆమె సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయం అది. ఆమెను కూడా వీడియో తెరమీద ఆమెకే చూపించారు. ఆమె తట్టుకోలేకపోయింది, ఆపేయమంది.

బ్రూక్ మనకు కొత్తవాడేమీ కాదు. 1985లో ఫ్రాన్స్‌లోని అవిన్యాన్‌లో మహాభారతాన్ని తొమ్మిది గంటల నాటకంగా ఆడించి, ద్రౌపదిగా మల్లికా సారాభాయ్‌ను నిలబెట్టిన దర్శకుడు ఆయనే. అంత పెద్ద కథ ఆడించిన మనిషి మెదడు దగ్గరికి వచ్చేసరికి నలుగురు నటులు, ఒక సంగీత విద్వాంసుడు, కుర్చీలు, బల్ల, రెండు తెరలతో సరిపెట్టుకున్నాడు. ఒక దృశ్యంలో తెల్లకోటు వేసుకున్న నటుడు మరో దృశ్యంలో రోగి కుర్చీలో కూర్చుంటాడు. డాక్టర్లంతా ఒక్కసారైనా చూడవలసిన మార్పు అది.

ఆ నటులు కసరత్తుకు వెళ్లిన చోటు పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రి. అక్కడి రోగులను దగ్గరగా చూసి, వాళ్ల కదలికలు నేర్చుకున్నారు. ఈ ఆసుపత్రి పేరు వింటే నాడీ వైద్యులు చేతులు జోడిస్తారు. ఆధునిక న్యూరాలజీకి తండ్రి అనదగిన షార్కో అక్కడే పనిచేశాడు. పార్కిన్సన్ జబ్బుకు ఆ పేరు స్థిరపడింది ఆయన వల్లే. అయితే అదే ఆసుపత్రిలో, అదే షార్కో చేతులమీదుగా, మరో రకం 'నాటకం' కూడా నడిచింది. 1880లలో ఆయన మంగళవారం పాఠాలకు వైద్యులతో పాటు రచయితలు, పాత్రికేయులు, ఊళ్లో పెద్దమనుషులు వచ్చి కూర్చునేవారు. హిస్టీరియా ఉందన్న స్త్రీలను వేదిక మీదికి తెచ్చి, హిప్నటైజ్ చేసి, వాళ్లు వంకరలు తిరుగుతూ పడిపోతుంటే చూపించేవారు. 1885 చివర్లో పాఠాలు వినడానికి వెళ్లిన కుర్ర డాక్టర్లలో ఫ్రాయిడ్ ఒకడు. బ్రూయే అనే చిత్రకారుడు 1887లో వేసిన పెద్ద చిత్రంలో ఆ పాఠాల తీరు కళ్లకు కడుతుంది. గదినిండా కోట్లు తొడుక్కున్న మగవాళ్లు, మధ్యలో భుజాల మీంచి జాకెట్టు జారిన ఒక స్త్రీ, వెనక్కి వాలిపోతూ. ఏ వంకర తిరిగితే డాక్టరుగారు మెచ్చుకుంటారో ఆ రోగులు క్రమేణా నేర్చుకున్నారని తర్వాతి చరిత్రకారులు తేల్చారు.

షార్కో 1893లో చనిపోయాడు. సరిగ్గా నూరేళ్లకు బ్రూక్ నటులు అదే ఆసుపత్రి వార్డుల్లోంచి నేర్చుకున్నది తీసుకెళ్లి, ఊరికి మరో చివర నాటకం ఆడారు. ఇక్కడ రోగి వేదికెక్కనక్కరలేదు. అతని బాధను నటుడు మోశాడు. షార్కో సభలో జనం రోగిని చూశారు, బ్రూక్ నాటకశాలలో రోగి చూసే లోకాన్ని చూశారు. మెదడు జబ్బుల మీద నాటకం వేయాలనుకునే ఎవరైనా మొదట తేల్చుకోవలసిన తేడా ఇదే.

మన దగ్గర చాలాకాలంగా మొదటి రకమే నడుస్తోంది. నత్తి, మతిమరుపు, ఫిట్స్ మన హాస్య నాటకాలకూ సినిమాలకూ నవ్వుల సరుకు. తలమీద ఒక దెబ్బకు గతం మరచిపోయి, రెండో దెబ్బకు గుర్తు తెచ్చుకునే కథానాయకులు ఎంతమందో. వాటి ఫలితం ఓపీలో కనపడుతుంది. అల్జీమర్స్ ఉన్న తల్లిని తీసుకొచ్చిన కొడుకు, "పాత ఇంటికి తీసుకెళ్లి ఒక్కసారి షాక్ ఇస్తే అన్నీ గుర్తొస్తాయంటారా?" అని నిజంగానే అడుగుతాడు. అతన్ని తప్పుపట్టలేం. అతనికి మెదడు గురించి పాఠం చెప్పింది ఆ కథలే.

పల్నాటి పెద్దాయనను చూసిన డాక్టరు దగ్గరికే వచ్చిన మరో రోగి రిటైరైన లెక్కల మాస్టారు. ఒక ఉదయం కాఫీ తాగుతూ మాట్లాడుతున్న మనిషి మాట ఉన్నట్టుండి మారిపోయింది. ధారాళంగానే మాట్లాడుతున్నాడు, స్వరంలో ఎత్తుపల్లాలు ఉన్నాయి, ప్రశ్న అడిగినట్టు ఆగుతున్నాడు. మాటలు మాత్రం ఏ భాషవీ కావు. కాళ్లూచేతులూ చక్కగా ఆడుతున్నాయి కాబట్టి పక్షవాతమని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. మూడో రోజుకు స్కాన్ తీస్తే మెదడు ఎడమ పక్క, మాటకు అర్థం చెప్పే చోట దెబ్బ తగిలి ఉంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. మెదడులో పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి. మూడు రోజుల ఆలస్యానికి ఎంత పోయిందో ఆ లెక్కల మాస్టారే చెప్పలేని స్థితి.

ఆయన లోపల ఏం జరుగుతోందో ఊహించాలంటే అమెరికన్ నాటకకర్త ఆర్థర్ కోపిట్ రాసిన 'వింగ్స్' దగ్గరికి వెళ్లాలి. 1976లో కోపిట్ తండ్రికి పక్షవాతం వచ్చి మాట పోయింది. ఆయన ఉన్న పునరావాస కేంద్రానికి కొడుకు వెళ్లి, తండ్రినీ తోటి రోగులనూ గమనించాడు. అందులోంచి మొదట రేడియో నాటకం, 1978లో రంగస్థల నాటకం వచ్చాయి. కథానాయిక వయసులో విమానం రెక్కమీద నిలబడి విన్యాసాలు చేసిన సాహసి. ఇప్పుడు ఆమెకు పక్షవాతం. ఆమె చెవులతో విన్నప్పుడు డాక్టర్ల మాటలు ప్రేక్షకులకూ గలగల శబ్దాల్లా వినపడతాయి. తన మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయని ఆమె నమ్మకం, అవతలివాళ్లకే ఏదో అయిందని అనుమానం. మన మాస్టారు ఇంట్లో అందరి మీదా ఎందుకు కేకలేశాడో భార్యకు ఆ నాటకం ఒక్కసారి చూపిస్తే తెలిసేది.

శాక్స్ మరో పుస్తకం, నిద్రజబ్బు రోగులు ఎల్‌డోపా మందుతో మేలుకోవడం గురించి 1973లో రాసినది, నాటకకర్త హెరాల్డ్ పింటర్ చేత 1982లో ఒక చిన్న నాటకం రాయించింది. పదహారో ఏట నిద్రలోకి జారి, 29 ఏళ్ల తర్వాత కళ్లు తెరిచిన స్త్రీగా జూడీ డెంచ్ నటించింది. ఫ్రెంచి రచయిత ఫ్లోరియాన్ జెల్లర్ 2012లో రాసిన 'ల పేర్' (నాన్న) ఇంకో అడుగు ముందుకేసింది. మతిమరుపు ముదురుతున్న తండ్రి కథ అది. దృశ్యం మారినప్పుడల్లా గదిలో సామాను ఒక్కొక్కటే మాయమవుతుంది. ఇందాక కూతురిగా వచ్చిన నటి స్థానంలో మరొకామె వచ్చి తానే కూతురినంటుంది. ముసలాయన గడియారం కనపడకపోతే సాయానికి వచ్చే మనిషి మీద దొంగతనం మోపుతాడు. కాసేపటికి ఏది నిజమో ప్రేక్షకుడికీ అంతుపట్టదు. ముంబైలో నసీరుద్దీన్ షా ఈ నాటకాన్ని తన బృందంతో ఆడాడు. మన దేశంలో అరవై దాటినవారిలో దాదాపు 88 లక్షలమందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. అంటే 'కోడలు నా గొలుసు తీసింది' అన్న మాట ఎన్ని లక్షల ఇళ్లలో వినపడుతోందో. ఆ కోడళ్ల కోసం తెలుగులో ఇలాంటి నాటకం కావాలి.

మనకు నాటకం లేకనా? బుర్రకథను షేక్ నాజర్ పల్లెపల్లెకూ తీసుకెళ్లాడు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి దేశ పరిస్థితిని రచ్చబండల దగ్గర చర్చకు పెట్టింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కోసం ఆడిన కళాజాతలు, చదివించిన వాచకాలు దూబగుంట ఆడవాళ్లను సారా దుకాణం మీదికి నడిపించిన కదలికలో భాగమయ్యాయి. నాటకం మన పల్లెల్లో పనిచేస్తుందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మొదలుపెట్టాలంటే ఫిట్స్‌తో మొదలుపెట్టాలి. మూర్ఛ ఉన్నవారిలో నూటికి 70 మంది సరైన మందులతో ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా మన వీధుల్లో ఎవరైనా పడిపోతే చేతిలో తాళాలు పెట్టడం, ముక్కుకు ఉల్లిపాయ రాయడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం ఆగలేదు. ఆడపిల్లకు ఫిట్స్ ఉంటే పెళ్లి కోసం దాచిపెట్టడం, అత్తవారింట మందుబిళ్లలు కనపడతాయని మానేయించడం, నెల తిరక్కుండానే వంటింట్లో పొయ్యి దగ్గర పడి కాలిన చేతులతో ఆ పిల్ల ఆసుపత్రికి రావడం, ఇదంతా నాడీ వైద్యులకు కంఠతా వచ్చిన కథ. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అనర్హతగా లెక్కించే మాటను 1999లోనే తీసేశారు. ఆ కబురు ఇంకా చాలా ఊళ్లకు చేరలేదు.

బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ ఒక పద్ధతి నేర్పాడు. కథ తప్పుదారి పట్టే చోట నాటకం ఆపి, ప్రేక్షకుల్లోంచి ఒకరిని లేపి, ఆ పాత్రలో నిలబెట్టి, 'ఇప్పుడు నువ్వేం చేస్తావు?' అని అడగడం. బెంగాల్ పల్లెల్లో జనసంస్కృతి బృందం దశాబ్దాలుగా ఇలాగే ఆడుతోంది. ఫిట్స్‌కు ఇంతకంటే తగిన పద్ధతి లేదు. నటి పడిపోగానే తాళాలతో పరిగెత్తుకొచ్చే మనిషిని ఆపి, ఆమెను పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూసుకోవడం, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లడం అతని చేతనే చేయించాలి. చేత్తో చేసిన పని కరపత్రంలో చదివినదానికంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఒక్క షరతు. మైకు ముందు నిలబడి జాగ్రత్తలు అరిచి చెప్పే వీధి నాటకాలు మనకు చాలానే ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టి, ఇంటికెళ్లి తాళాలే పెడతారు. నటుడు ముందు వార్డుకు రావాలి. ఎడమ చెయ్యి తనది కాదనే మనిషి ఎలా చూస్తాడో, ఎక్కడ తడబడతాడో, ఎప్పుడు సిగ్గుపడతాడో దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. రోగినీ ఇంటివాళ్లనూ అడిగి, వాళ్లు సరేనంటేనే.

పల్నాటి పెద్దాయన విషయంలో ఆ రోజు డాక్టరు చివరికి చేసింది చిన్న పనే. క్యాంటీన్ నుంచి ఇడ్లీ ప్లేటు తెప్పించి ఆయన ముందు పెట్టించాడు. కుడి పక్కవి తిని ఆయన చెయ్యి ఆపగానే, ప్లేటును సగం చుట్టు తిప్పాడు. పెద్దాయన మిగిలినవి కూడా తిన్నాడు. ఇల్లాలు కాసేపు ప్లేటు వంకే చూసి, "అయితే నామీద కోపం కాదన్నమాట" అంది.

వచ్చే పరిషత్తు పోటీలకు నాటకం రాస్తున్నవారు, కళాజాత బృందాలు నడుపుతున్నవారు ఒక ఉదయం మీ దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లి, న్యూరాలజీ విభాగం పెద్దను కలిసి, ఓపీలో కూర్చోవడానికి అనుమతి అడగండి. డాక్టర్లూ, మీరు కాదనకండి, మీ పక్కనే వాళ్లకో కుర్చీ వేయించండి.