పద్దుల పుస్తకమునందలి యుద్ధము

ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు రైలులో పోవునపుడెల్ల మాకు మా మేనమామగారు జ్ఞప్తికి వత్తురు. రెండవ ప్రపంచయుద్ధకాలమున గూడెమువద్ద విమానములు దిగుటకు బాట వేసిరి. ఆ చేరువనే మాధవరమున్నది. అచ్చటినుండి ఆ యుద్ధమునకు వేయిమందికి పైగా వెళ్లిరని ప్రసిద్ధి. అందుచేతనే దానికి మిలిటరీ మాధవరమను పేరు నిలిచినది. వారికి సైన్యమే వృత్తి. మా మామయ్యగారి మార్గము వేరు.

ఆయన ఏలూరిలో గణితోపాధ్యాయులు. తమ వృత్తిని విడువకయే ఏటేటా కొంతకాలము శిక్షణపొంది, దేశమునకు ఆపద కలిగినపుడు సైన్యమున నిలుచువారికై టెరిటోరియల్ ఆర్మీ ఏర్పడినది. 1949 అక్టోబరు 9వ తేదీన నాటి గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారు దానిని ప్రారంభించిరి. మామయ్యగారు అందు విమానములను కూల్చు ఫిరంగుల దళమున అధికారియైరి. కొల్లేటియొడ్డున ఆయన యింటనే మేమును పెరిగితిమి. సెలవులకు వచ్చినపుడు ఎగురుచున్న గూడబాతులను చూపి, "పిట్ట యున్నచోటికి గాదమ్మా, గుండు చేరునప్పటికి అది యుండబోవు చోటికి గురిపెట్టవలెను" అని చెప్పెడివారు.

1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చినది. ఆయనకు పిలుపు వచ్చినది. పంజాబున నొక వంతెనకు కావలిగా నిలిచిరి. ఆ బోఫర్సు ఫిరంగి నిమిషమునకు 120 గుండ్లవరకు వేయగలదట. కాని తమకు పేల్చుటకంటె ఎదురుచూచుటయే ఎక్కువయ్యెనని తరువాత నవ్వుచు చెప్పిరి.

ఇచ్చట అత్తయ్యగారికి ఎదురుచూచుటకును తీరికలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరుగుండ సముద్రమునకు పోవువరకు మా పల్లపుచేలు మునిగియుండును. ఆ యేడు ఊడ్చిన చేను కుళ్లిపోగా, నారు కొని, కూలీలను పిలిచి, ఆమెయే మరల ఊడ్పించినది. ఇంతలో చంటిపాపకు టైఫాయిడు జ్వరము తగిలినది. పాపను ఒడిలో నుంచుకొని పడవలో ఏలూరునకు పోయినది. ఎనిమిదేండ్ల మేము ప్రక్కన గొడుగు పట్టుకొని కూర్చుంటిమి. దారిపొడుగున ఆమె యొక్కమాటయు పలుకలేదు.

1966 జనవరి 10న తాష్కెంటు ఒడంబడిక జరిగిన పిదప మామయ్యగారు ఇల్లు చేరిరి. ఒకనాడు పద్దుల పుస్తకము త్రిప్పుచు, "పడవకు 3 రూపాయలు, వైద్యునికి 10, మందులకు 14. ఇదేమి?" అని యడిగిరి. అత్తయ్యగారు చెప్పినది.

"నాకేల వ్రాయలేదు?"

"వ్రాసినచో మీరు ఫిరంగియొద్ద నిలిచి ఎటువైపు చూచెడివారు?"

ఆయన మారుపలుకక పాపను ఎత్తుకొని వాకిటిలోనికి పోయిరి.

మామయ్యగారి కొలువు సైన్యపు దస్త్రములలో నెక్కినది. అత్తయ్యగారి కొలువునకు పసుపు మరకల ఆ పుస్తకమొక్కటియే సాక్ష్యము. సోదరీమణులారా, మీ యింట అట్టి పుస్తకమున్నయెడల చెదలపాలు చేయకుడు. ఒక్కమారు విప్పి చదువుడు.