నిత్యవసంతపు అంగడి

అమెరికాలోని మినియాపోలిస్ నగరానికి నైరుతి దిశలో ఎడైనా అనే పట్టణమున్నది. అక్కడి సౌత్‌డేల్ సెంటర్‌ను వెలుపలినుండి చూచినవారు పెద్ద గిడ్డంగి అనుకొంటే వారి తప్పేమీ లేదు. కిటికీలు లేని పొడవాటి గోడలు, చుట్టూ కార్లు నిలుపుకొనే మైదానాలు! లోనికి అడుగిడగానే దృశ్యం మారిపోతుంది. రెండంతస్తుల నడవలు, నడుమ పైనుండి వెలుగు పడే విశాల ప్రాంగణం, అందులో శిల్పి హ్యారీ బెర్టోయా లోహంతో మలచిన బంగారు వన్నె వృక్షాలు. 1956 అక్టోబరు 8న ప్రారంభమైన ఈ సముదాయమే పూర్తిగా పైకప్పు కింద, ఏడాది పొడుగునా ఒకే ఉష్ణోగ్రతలో నడిచిన తొలి అమెరికా షాపింగ్ మాల్. మేము వెళ్ళినది జనవరిలో. వెలుపల గడ్డకట్టిన మంచు, లోపల చైత్రమాసం.

దీని రూపశిల్పి విక్టర్ గ్రూయెన్ 1903లో వియన్నాలో జన్మించారు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకొనగా అమెరికాకు తరలివచ్చారు. కారు దిగకుండా జీవితం గడిచిపోయే శివారు ప్రాంతాలకు, తాను విడిచి వచ్చిన నగరపు వీధి సందడిని అందించాలన్నది ఆయన తపన. మాల్ చుట్టూ గృహాలు, పాఠశాలలు, వైద్యశాల, ఉద్యానం, సరస్సు ఉండాలని ప్రణాళిక గీశారు. టౌన్‌షిప్‌లలో నివసించిన మన పాఠకులకు ఈ ఊహ కొత్త కాదు. అయితే అంగడి వచ్చింది కాని, ఆయన కోరిన ఊరు ఆ రూపంలో రాలేదు. దరిమిలా ఆయన వియన్నాకు తిరిగి వెళ్ళిపోయారు. 1978లో లండన్‌లో ప్రసంగిస్తూ, తన పేర వెలసిన మాల్‌లకు తాను పితృత్వం వహించబోనని తెగేసి చెప్పారు. 1980లో కన్నుమూశారు.

మాల్‌లు అంతగా విస్తరించడానికి జనాభిరుచి ఒక్కటే కారణమనుకోరాదు. 1954లో అమెరికా పన్ను చట్టం మారి, కొత్త కట్టడాలపై తొలి సంవత్సరాలలోనే అధిక తరుగుదల చూపుకొనే వీలు కలిగింది. దాని మహిమ ఆర్థిక విభాగపు మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు! పాతవి మరమ్మతు చేయడంకన్న ఊరిబయట చౌక భూమిలో కొత్తవి కట్టడమే లాభసాటి అయింది. అవసరానికి మించి కట్టారనే మా అభిప్రాయం.

ఎడైనాకు చేరువలోనే బ్లూమింగ్టన్‌లో 1992 ఆగస్టులో తెరచిన మాల్ ఆఫ్ అమెరికా ఉన్నది. అంతకు పూర్వం అది బేస్‌బాల్ మైదానం. 1967లో హార్మన్ కిల్లెబ్రూ కొట్టిన బంతి 520 అడుగుల దూరాన పడిన చోటికి గుర్తుగా, గోడపై ఎత్తున ఒక ఎర్రని కుర్చీ బిగించారు. కింద వినోదశాలలో పిల్లల కేరింతలు. ఆ కుర్చీని తలెత్తి చూచేవారు మాకు ఒకరిద్దరే కనిపించారు.

ఇంత వైభవం ఎందుకు సడలింది? మాల్‌కు మూలస్తంభాలు రెండు మూడు పెద్ద దుకాణాలు. జనాన్ని రప్పించేవి అవే కనుక వాటికి అద్దె స్వల్పం. ఆ జనం మీద బ్రతికే చిన్న దుకాణాలకు అద్దె హెచ్చు. పెద్దది మూతపడితే అద్దె తగ్గించుకొనే, లేదా ఖాళీ చేసే హక్కు అనేక చిన్న దుకాణాల ఒప్పందాలలోనే ఉంటుంది. కనుక ఒక్క దీపం ఆరితే వరుసగా అన్నీ ఆరుతాయి. ఇంటినుండే సరుకులు తెప్పించుకొనే అలవాటు ఆ గాలిని మరింత పెంచింది. 2018లో సియర్స్, 2020లో జేసీ పెన్నీ దివాలా రక్షణ కోరాయి. ఒహాయో రాష్ట్రంలో 1976లో ప్రపంచంలోకెల్లా పెద్దదని చాటుకొన్న ర్యాండల్ పార్క్ మాల్ 2009లో మూతపడింది. దానిని కూల్చిన స్థలంలో 2018 నాటికి అమెజాన్ గిడ్డంగి లేచింది.

సౌత్‌డేల్ మాత్రం నిలిచింది. జేసీ పెన్నీ ఉండిన భాగాన వ్యాయామశాల వెలసింది. కార్ల మైదానపు ఒక మూలను తొలిచి అపార్ట్‌మెంట్లు కట్టారు. అంగడి చుట్టూ ఇళ్ళుండాలన్న గ్రూయెన్ కోరికలో ఒక ముక్క, వ్యాపారం తగ్గిన తరువాత తీరింది. ఆ ఇళ్ళనుండి మాల్ ద్వారం వరకు నడిచి చూచాము. దూరం కొద్దిపాటిదే, దారి పొడుగునా మాకు ఎదురైనవన్నీ కార్లే.