మా నవాబు ఇల్లట!

రంజాన్ ఆఖరి పదిరోజులకి తమ్ముడు దుబాయి నుంచి వచ్చాడు. అమ్మీని ఒక రాత్రి చార్మినార్ దగ్గర ఉంచాలని వాడి కోరిక. ఆమెకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మా గండిపేట నుంచి చార్మినార్ ఇరవై కిలోమీటర్ల పైనే. ఎప్పుడు పోయినా చీకటి పడకముందే బస్సెక్కి రావటమే గానీ పట్నంలో నిద్ర చేసింది లేదు. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. రాత్రి బజారు చూడాలంటే అక్కడే గది తీసుకోవాలి.

ఏ గది? అక్కడే లొల్లి మొదలైంది.

వాడు ఫలక్‌నుమా అన్నాడు. "జిందగీల ఒక్కసారి భాయ్, మన నిజాం ప్యాలెస్!" ఒక్క రాత్రికే నా టీచరు పెన్షన్ మింగేసే చోటు. శుభ్రమైన పక్క, లిఫ్టు ఉన్న మామూలు హోటలు చాలన్నాను నేను. అక్కడే కూర్చున్న మిత్రుడు, పాత కామ్రేడే, నవ్వాడు.

"మీ నవాబుల ఇల్లే గదా, దర్జాగ పోండ్రి."

ఈ 'మీ' చిన్నప్పట్నుంచి గుచ్చుకుంటూనే ఉంది. ఫలక్‌నుమాని 1884లో మొదలుపెట్టింది పైగా వంశపు వికారుల్ ఉమ్రా. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి పోయింది. 2010లో తాజ్ వాళ్ళు హోటలుగా తెరిచారు. ఇందులో మా వాటా ఏది? మా వాటా ఇటుంది, గండిపేట కట్టలో. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి పట్నంలో వేల ప్రాణాలు పోయాయి. మళ్ళీ అట్లా కావద్దని ఏడో నిజాం కాలంలో కట్టిన చెరువు 1920లో పూర్తయింది. ఉస్మాన్ సాగర్ అని ఆయన పేరే పెట్టారు. ఆ కట్టకి అమ్మీ తాత రాళ్ళు మోశాడు. ఆయన పక్కన తట్ట మోసింది మాదిగలు, మాలలు, వడ్డెరలు. నవాబులు కాదు.

సరే, పట్నం నడిమి ఒక హోటలుకి ఫోన్ చేశాను. రెండు గదులున్నాయన్నాడు. పేరడిగాడు. చెప్పాను. కాస్త ఆగి, "ఇప్పుడే బుక్కయిపోయినయ్ సార్" అన్నాడు.

కామ్రేడ్ నమ్మలేదు. "పండుగ రద్దీ గదా, అట్లేముండదు" అంటూ తన ఫోన్ తీశాడు. ఆయన పేరుకి రెండు గదులూ దొరికాయి. చాలాసేపు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. "నా పేరు మీదనే పోయి ఉండండ్రి" అన్నాడు చివరికి. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఒక్క రాత్రి నిద్ర కోసం అమ్మీ పేరుని చెప్పులతో పాటు గుమ్మం బయట విడవమనలేను కదా.

తమ్ముడు రోషంతో ఫలక్‌నుమాకి చేశాడు. అక్కడ వాడి పేరు విన్నాక కూడా గొంతు మారలేదు. పైసలు దండిగా ఉన్నచోట మతం అడ్డం రాదు. మామూలు గది దగ్గరే దాని లెక్క తీస్తారు.

అమ్మీకి చెప్పాం. 2017లో ఇవాంకా ట్రంప్‌కి విందిచ్చిన చోటనీ, నూటొక్క మంది కూర్చునే బల్ల ఉందనీ తమ్ముడు ఊరించాడు.

"మనం ముగ్గురమే గదరా. తొంభై ఎనిమిది కుర్చీలల్ల ఎవలు కూసుంటరు?"

ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఆఖరికి మదీనా దగ్గర ఒక లాడ్జికి పోయాం. లిఫ్టు లేదు. కౌంటరు కుర్రాడు నవ్వుతూ సలాం చేశాడు. అమ్మీ ఉర్దూ విని ఇంకా నవ్వాడు. మా ఇంటి ఉర్దూ సగం తెలుగే మరి. "గాఁవ్‌వాలే?" అన్నాడు. పల్లెటూరోళ్ళా అని. వీళ్ళ కొడుకు తెలుగులో రాస్తాడని తెలిస్తే ఏమనేవాడో! గది మాత్రం ఇచ్చాడు.

లాడ్ బజారులో అమ్మీ దుకాణానికో స్టూలు మీద కూర్చుంటూ మనవరాళ్ళకి గాజులు బేరమాడింది. అర్ధరాత్రి దాటాక గదికొచ్చి నీళ్ళడిగింది. కుర్రాడు మూత సీలున్న సీసా తెచ్చాడు. ఇరవై రూపాయలు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నల్లా లేదా బేటా? మా గండిపేట నీళ్ళు రావా మీకు?"

గండిపేట ఎక్కడుందని వాడు నన్నడిగాడు.