మిల్లుకెళ్ళే పిల్లలున్న ఇళ్ళకి ఒక మాట



ఈ పోస్టు మిరప తెగుళ్ళ గురించో, పత్తి రేటు గురించో కాదు. మన ఇళ్ళలోంచి మిల్లులకీ ఫ్యాక్టరీలకీ పనికెళ్తున్న పిల్లల గురించి. రెండెకరాల మీద ఇల్లు గడవక ప్రతి ఊరి నుంచీ వెళ్తూనే ఉన్నారు గదా.

మా తమ్ముడి కొడుకు ఒక స్పిన్నింగ్ మిల్లులో చేస్తున్నాడు. పోయినేడు యూనియన్‌లో చేరతానంటే మా తమ్ముడు ఒప్పుకోలేదు. "జెండాలు పట్టుకుని తిరగటానికా నిన్ను పంపింది" అన్నాడు. వాడు మాత్రం చందా కట్టి రసీదు తెచ్చుకున్నాడు.

నాలుగు నెలలకి ఓవర్‌టైము డబ్బులు అడిగాడు. ఓవర్‌టైముకి రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం. అక్కడ మామూలు కూలే ఇస్తున్నారు. అడిగిన వారానికే, సూపర్‌వైజరుకి ఎదురు తిరిగాడని ఛార్జి మెమో ఇచ్చి, సస్పెండు చేసి, ఎంక్వైరీ పెట్టారు. మెమో అంతా ఇంగ్లీషు. "క్షమాపణ రాసి సంతకం పెట్టు, అయిపోద్ది" అన్నారంట. ఆ జీతం చూసుకునే మా తమ్ముడు కూతురి పెళ్ళికి అప్పు చేసి ఉన్నాడు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అప్పుడు ఆ రసీదే పనికొచ్చింది. స్టాండింగ్ ఆర్డర్లు అమల్లో ఉన్న మిల్లుల్లో ఎంక్వైరీకి కార్మికుడి తరఫున అతని యూనియన్ నాయకుడు రావచ్చు. ఆయన వచ్చి మెమో తెలుగులో చదివి చెప్పాడు. జవాబు దగ్గరుండి రాయించాడు. సాక్షుల్ని ప్రశ్నలడిగాడు. సస్పెన్షన్‌లో కూడా మొదటి 90 రోజులు సగం జీతం, కార్మికుడి తప్పు లేకుండా ఎంక్వైరీ సాగితే ఆ తర్వాత ముప్పాతిక జీతం ఇవ్వాలంట. అదీ ఆయన చెబితేనే మాకు తెలిసింది.

చివరికి హెచ్చరిక కాగితం ఇచ్చి పనిలోకి తీసుకున్నారు. ఓవర్‌టైము సంగతి ఇంకా లేబర్ ఆఫీసులో నడుస్తానే ఉంది. యూనియన్ ఉంటే అన్నీ అయిపోతాయని నేను చెప్పను. కానీ వాడికంటే ముందు ఇట్టాగే మెమో తీసుకున్న ఇంకో కుర్రాడు, పక్కన మాట్లాడే మనిషి లేక, సంతకం పెట్టి ఇంటికొచ్చేశాడు.

యార్డులో మన బస్తాలు దించే హమాలీలను చూడండి. బస్తాకి ఎంతన్నది ఒక్కొక్కడు విడిగా బేరమాడడు, వాళ్ళ సంఘం కూర్చుని మాట్లాడుద్ది. రేటు పెరిగితే మనం గొణుక్కుంటాం. మన సరుకు రేటుకి అట్టా కూర్చుని మాట్లాడే మనిషి మనకి లేడు, ఆ కష్టం మనకి తెలిసిందే. మన పిల్లలకన్నా ఉండనియ్యండి.

పంట పోయాక బీమా కట్టించుకోరు. ఇదీ అంతే, మెమో రాకముందే చేరాలి. చేరేముందు యూనియన్ రిజిస్టరైందో లేదో చూడమనండి. రసీదు, జీతం స్లిప్పులు జాగ్రత్త చేసుకోమనండి. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టొద్దనండి. మిల్లులో యూనియనే లేకపోతే పెట్టుకోవచ్చు. 1926 నాటి చట్టం నుంచీ కనీసం ఏడుగురు ఉండాలని లెక్క. పెద్ద మిల్లయితే పదో వంతు మంది గానీ వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది కావాలి. చేరాడని పనిలోంచి తీయటానికి చట్టం ఒప్పుకోదు.

ఈ రాత్రి మీ వాడు ఫోన్ చేసినప్పుడు, అన్నం తిన్నావా అని అడిగాక ఈ మాట కూడా అడగండి: "రేపు నీకేదన్నా అయితే నీ తరఫున మాట్లాడటానికి అక్కడ ఎవరున్నార్రా?"