మూడు పెరళ్ళు

ప్రబంధాల్లోని ఉద్యానవన వర్ణనలు పాఠం చెప్పడం నా వృత్తి. ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను. అష్టాదశ వర్ణనల్లో అదొకటి గనుక, ఏ క్లాసుకు వెళ్ళినా ఏదో ఒక పూలతోట ఎదురు కాక మానదు. స్త్రీ పాదం తాకితే అశోకం పూస్తుందనీ, ఆమె పుక్కిట మద్యం చల్లితే పొగడ పూస్తుందనీ కవిసమయాలు వల్లించి, పిల్లలు ముసిముసిగా నవ్వితే నేనూ నవ్వి, గంట కొట్టగానే ఇంటికి వచ్చేసేవాణ్ణి. ఇంటి దగ్గర మాత్రం నా చేతి మీదుగా ఒక్క మిరపమొక్క బతికిన దాఖలా లేదు. పైగా, మన వీధుల్లో గేటుకు అటూ ఇటూ నాటి అందరూ అశోకమని పిలుచుకునే ఆ పొడుగాటి చెట్టు అసలు అశోకమే కాదనీ, నరమామిడి అనీ నాకు చెప్పింది ఏ వ్యాఖ్యానమూ కాదు. నర్సరీలో నీళ్ళు పోసే ఒక కుర్రవాడు. ఆ రోజున నా ఎం.ఏ. పట్టా కొంచెం చిన్నబోయింది.

ఇటువంటివాడు పెరటితోటల గురించి రాయడమేమిటని మీరడగవచ్చు. న్యాయమే. కాని ఒక తోటను చేజేతులా చంపుకున్నవాణ్ణి నేను. ఆ తరువాత పన్నెండేళ్ళపాటు, రెండు ఊళ్ళలో, రెండు అద్దె ఇళ్ళలో, ఆ తోట ఏమిటో తెలుసుకున్నవాణ్ణి. ఆ హక్కుతో రాస్తున్నాను.

మాది జనగామ. పోతన బమ్మెర, సోమన పాలకుర్తి మా దగ్గరే అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకోవడం మాకు అలవాటు. నీళ్ళకు కటకట అన్న మాట మాత్రం వాళ్ళంతట వాళ్ళు తెలుసుకోవలసిందే. ఎర్ర చెల్క నేల. వాన పడితే నాలుగు రోజులు మెత్తగా ఉంటుంది. ఎండితే గడ్డపార కూడా దిగదు. అటువంటి ఊళ్ళో మా బాపుకు నాలుగు గుంటల స్థలం ఉండేది. గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు లెక్కన 484 గజాలు. తూర్పున సగం ఇల్లు, పడమట సగం పెరడు.

వంటింటి గుమ్మం దిగగానే బావి. బావి పక్కన గిన్నెలు తోముకునే బండ. బండ మీద పారిన నీళ్ళు చిన్న కాలువగుండా అరటి బోదెల్లోకి పోయేవి. స్నానాల నీళ్ళు నిమ్మచెట్టు మొదటికి. అవతల జామ. అన్నిటికీ చివర, పడమటి గోడవారన, పెద్ద వేపచెట్టు. బాపు బడిపంతులు. బడినుంచి రాగానే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి పెరట్లోకి వెళ్ళేవాడు. ఆ చెట్లన్నీ వాటంతట అవే అక్కడ మొలిచాయనీ, నీళ్ళు వాటంతట అవే అటు పారుతున్నాయనీ నేననుకునేవాణ్ణి. కన్నతండ్రి చేసిన పని కొడుకు కంటికి అలాగే కనబడుతుంది.

2009లో బాపు పోయాడు. ఆ తరువాత రెండు ఎండాకాలాలు బావిలో నీళ్ళు రాలేదు. అరటి ఎండింది. నిమ్మ ఆకు రాల్చింది. పెరడంతా చెత్త, పురుగూ పుట్రా. నేను కొత్తగా కారు కొన్నాను. దాన్ని నిలపడానికి చోటు కావాలి. "సిమెంటు చేయిస్తే శుభ్రంగా ఉంటుందేమోనండీ" అంది మా ఆవిడ. ఆమె 'ఏమో' అంది; నేను మర్నాడే మేస్త్రీని పిలిచాను. 2011 వేసవిలో బావిని పాత ఇటుకలతోనూ రాళ్ళతోనూ పూడ్పించి, జామచెట్టు కొట్టించి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా గచ్చు చేయించాను. అమ్మ వంటింటి గడపమీద కూర్చుని చూస్తూ ఉంది. మేస్త్రీ వేపచెట్టువైపు చూసినప్పుడు మాత్రం నోరు విప్పింది.

"గా యాపచెట్టు జోలికి పోకు బిడ్డా."

అంతే. మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. నేనే ఉండబట్టలేక, "ఎట్లున్నదమ్మా?" అని అడిగాను.

"పైసలు పెట్టి చేపిచ్చినవ్. మంచిగనే ఉన్నది" అంది.

ఆ 'మంచిగనే'లో ఎంత ఉందో తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆ ఎండాకాలమే రాత్రి పదింటికి కూడా గచ్చు మీద కాలు పెట్టలేకపోయాం. పగలంతా తాగిన ఎండను రాత్రంతా ఇంటిమీదికి ఊదేది. తొలకరి రాగానే ఇంకో చిత్రం. ఆ పెరటి వాలంతా బావివైపు. ఎన్నేళ్ళుగానో అటు పోవడానికి అలవాటుపడ్డ వాననీళ్ళు, బావి లేదని తెలియక, వంటింట్లోకి వచ్చాయి. అమ్మ చీపురు పట్టుకుని నీళ్ళు నెడుతూ, "తొవ్వ మర్శినయి పాపం" అంది. నన్నేమైనా అంటే బాగుండేదనిపించింది.

2012లో నాకు మహబూబాబాదు బదిలీ అయింది. పాతవాళ్ళింకా మానుకోట అనే అంటారు. 2016 అక్టోబరులో అది జిల్లా కేంద్రమైంది. మా జనగామ, భూపాలపల్లి కూడా ఆనాడే జిల్లాలయ్యాయి. అక్కడ మేడమీద ఒక వాటా అద్దెకు దొరికింది. నేల అన్నది లేదు. పైన డాబా ఉంది. అమ్మను వెంట తీసుకుపోయాం. వారం రోజులు కిటికీలోంచి రైలు పట్టాల వైపు చూస్తూ కూర్చుంది. ఎనిమిదోనాడు వంటింట్లో ఖాళీ అయిన నూనెడబ్బా తీసుకుని, అడుగున మేకుతో నాలుగు చిల్లులు పొడిచి, ఎక్కడినుంచో కొంగులో మట్టి తెచ్చి, కూరకు తెచ్చిన పుదీన కాడలు గుచ్చింది. మా రెండో తోట అలా మొదలైంది.

చిల్లులెందుకని అడిగాను. "మన్షికైనా చెట్టుకైనా నీళ్ళు పోయే తొవ్వ ఉండాలె గద" అంది. నేనదివరకు చంపిన మిరపమొక్కలన్నీ దాహంతో కాక, వేళ్ళు కుళ్ళి చచ్చాయని అప్పుడర్థమైంది. ప్రేమకొద్దీ రోజూ రెండు చెంబులు పోసి ముంచేశాను మరి.

ఆ తరువాత నేనూ డాబా ఎక్కడం మొదలుపెట్టాను. తడిసిన మట్టి తేలికేమీ కాదు. ఘనపు మీటరు మట్టి ఒక టన్నున్నరకు పైనే తూగుతుంది. అందుకని బరువైన కుండీలు డాబా నడుమ పెట్టకుండా కింద గోడలూ దూలాలూ ఉన్న అంచులవెంట పెట్టాం. మట్టి ఒక పాలు, పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపితే బరువూ తగ్గింది, తేమా నిలిచింది. ఆదివారంనాడు గంటగంటకూ మేడెక్కి నీడ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీతలు గీశాను. పక్కవాళ్ళు నన్ను చూసి ఏమనుకున్నారో గాని, ఆ గీతలవల్లనే తెలిసింది: ఐదారు గంటల ఎండ తగిలేది రెండు మూలల్లోనే. కాయగూరలు అక్కడ, పుదీనా తమలపాకూ నీడపట్టున.

కోతుల సంగతి చెప్పకపోతే మానుకోట పురాణం పూర్తికాదు. టమాటా ఎరుపెక్కిన రోజు మాకంటే వాటికే ముందు తెలిసేది. ఒకటి మిరపకాయ కొరికి, మొహం చిట్లించి, కుండీ దొర్లించి పోయింది. మరునాడు దాని బంధువు అదే పరీక్ష చేసింది. చివరికి కోతులకూ మాకూ ఒక ఒప్పందం కుదిరింది: పండ్లు వాటివి; పుదీన, కరివేపాకు, తులసి, మిరప మావి. మానుకోట మార్కెట్టు మిరపకు పేరుబడ్డది. అక్కడ కొన్న ఎండుమిర్చి గింజలే అమ్మ చల్లింది. మొలిచాయి. నా నలభై ఏళ్ళ జీవితంలో బతికిన మొదటి మిరపమొక్క అది.

జపాను ఇళ్ళలో రెండు చాపలంత జాగాలో, అంటే మూడున్నర చదరపు మీటర్లు కూడా లేని చోట, పెరడు అమర్చుకుంటారని చదివాను. దాన్ని త్సుబోనివా అంటారట. అమ్మకు చెబితే, "గంత జాగ ఉన్నదా వాళ్ళకు?" అంది నూనెడబ్బా వైపు చూస్తూ.

2018లో భూపాలపల్లి. ప్రొఫెసర్ జయశంకర్‌గారి పేరు పెట్టుకున్న జిల్లా. సింగరేణి బొగ్గు గనుల ఊరు. ఈసారి ఇంటిముందు ముప్పై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు నేల దొరికింది. ఏభై గజాలు! చదును చేసి మొక్కలు నాటాను. నెల తిరక్కుండా ఆకులమీద వేలితో గీస్తే పేరు రాయవచ్చు. రోడ్డు దుమ్ము, బొగ్గు పొడి. ఆకుకు ఎండ తగలకపోతే మొక్కకు అన్నముండదు కదా. రోడ్డువైపు గోడవారన కానుగ మొక్కలు వరసగా పెట్టాం. అవి ఎదిగేదాకా తెల్లవారి బియ్యం కడిగిన నీళ్ళు తేర్చి ఆకులమీద చల్లడం అమ్మ పని. ఓ ఏడాది చెరువు పూడికమట్టి ఒక ట్రాక్టరు తోలించాం. ఆ మట్టితోపాటు ఏవేవో గింజలు వచ్చాయి. వానలు పడగానే ఒత్తుగా ఏదో మొలిచింది. కలుపు అనుకుని పీకడం మొదలుపెట్టాను.

"ఆగు బిడ్డా, అది గునుగు" అని అమ్మ కేకేసింది.

బాపు పోయిన తరువాత అమ్మ బతుకమ్మ ఆడటం మానేసింది. అరుగుమీద కూర్చుని చూసేది. కాని ఆ ఏడు పెత్రమాసనాడు తెల్లవారేసరికి మా గేటు దగ్గర పదిమంది పిల్లలు గంపలతో నిలబడి ఉన్నారు. గునుగు అంతా తెల్లగా విచ్చుకుని ఉంది. మధ్యలో తాను వేసిన బంతి, సీతజడ. అమ్మ కొడవలి పట్టుకుని, ఎవరికి ఎన్ని కట్టలో తానే కోసి ఇచ్చింది. సాయంత్రం పిల్లలు బతుకమ్మలు పట్టుకుని వెళుతూ మా గేటు ముందు ఆగి, "అమ్మమ్మా, నీ పువ్వులు చూడు" అని ఎత్తి చూపించారు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. కొంచెంసేపటికి మొహం కడుక్కుని వచ్చింది. నేను పీకి పారేసిన గునుగు మొక్కలు గోడ పక్కన ఎండిపోయి ఉన్నాయి. నాకు కలుపు అనిపించింది ఆమెకు ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. అంతకుముందు జనగామలో నేను గచ్చు కింద పూడ్చిందేమిటో కూడా అప్పుడే తెలిసింది.

2024లో మళ్ళీ జనగామకు వచ్చాం. అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. వచ్చిన మూడో రోజునే గచ్చు పగలగొట్టే మనుషుల్ని పిలిచాను. అమ్మ గడపమీద అదే చోట కూర్చుంది. "మల్ల పైసలు దండుగ గద" అంది గాని, వద్దనలేదు.

అన్నీ తవ్వించలేదు. కారు చక్రాలు నడిచే రెండు పట్టీలు ఉంచి మిగతాది తీయించాను. బావిని మళ్ళీ తవ్వించే తాహతు లేదు. అదే చోట ఆరడుగుల గుంత తీయించి, అడుగున పెద్దరాళ్ళు, పైన కంకర, ఆపైన ముతక ఇసుక పోయించి, డాబామీది వాననీళ్ళు గొట్టంతో అందులోకి దింపాం. వెయ్యి చదరపు అడుగుల డాబామీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 930 లీటర్లు. ఇన్నేళ్ళూ ఆ నీళ్ళన్నీ వంటింట్లోకో వీధిలోకో పోయాయి. తొలివాన నాడు గొడుగు పట్టుకుని చూశాను. నీళ్ళు దారి మరిచిపోలేదు. నేరుగా బావి చోటుకే వెళ్ళాయి.

గచ్చు కింద బాపు తీసిన కాలువ ఇటుకలు బయటపడ్డాయి. వాటి వాలు చూస్తూ నిలబడిపోయాను. గిన్నెలు తోమిన నీళ్ళు అరటికి, స్నానం నీళ్ళు నిమ్మకు, పడమటి ఎండ ఇంటిమీద పడకుండా వేప, అమ్మ నడిచే దారిలో ముల్లు లేకుండా జామ. ఎండ ఎటు పడుతుంది, నీళ్ళెటు పోతాయి, ఇంట్లో మనిషి ఎటు నడుస్తుంది - ఈ మూడూ చూసుకుని వేసిన తోట అది. 484 గజాలకైనా, నూనెడబ్బాకైనా లెక్క ఒకటే. ఆ లెక్క నేర్చుకోవడానికి నాకు మూడు ఊళ్ళు పట్టింది; ఆయన చొక్కా కొక్కేనికి తగిలించే లోపల వేసేసుకునేవాడు.

జామచెట్టు కొట్టించిన చోటనే అంటుజామ నాటాం. "కాయ కాసేదాక నేనుంటనా?" అంది అమ్మ. అంటుమొక్కకు ఆట్టే కాలం పట్టదని చెప్పాను. ఏడాదిన్నర తిరక్కుండానే మొన్నటి చలికాలంలో ఒకే ఒక్క కాయ నిలిచింది. గుడ్డ కట్టి కాపాడుకున్నాం. పండిందనుకున్న రోజు తెల్లవారి లేచి చూసేసరికి గుడ్డ కింద పడి ఉంది. వేపకొమ్మ మీద ఒక కోతి తీరుబడిగా నములుతూ ఉంది. మానుకోటనుంచి మా చిరునామా కనుక్కుని వచ్చిందో ఏమో!

నాకు కోపం వచ్చింది. అమ్మ మాత్రం గడపమీద కూర్చుని చాలా కాలానికి పెద్దగా నవ్వింది.

"పోనియ్‌రా! మీ బాపు గూడ గట్లనే, తొలికాయ ఎన్నడు తిన్నడు కాదు" అంది.