సింగపురమున క్రొత్తకాపురము

మా నెల్లూరికి పూర్వము విక్రమసింహపురియని పేరు. పదుమూడవ శతాబ్దమున మనుమసిద్ధి యేలిన కాలమున తిక్కన సోమయాజి మెలగిన యూరది. ఇప్పుడు మేము కాపురమున్న సింగపూరును సంస్కృతమున సింహపురమే. కనుక ఊరు మారినను పేరు మారలేదని మావారు బయలుదేరునాడు అత్తగారితో హాస్యమాడిరి. ఆమె నవ్వలేదు. "పేరొకటైనంత మాత్రాన పెరటి బావి వచ్చునా నాయనా?" అని మాత్రము అనిరి.

మావారు గణితము బోధించు ఉపాధ్యాయులు. ఇచ్చటి భారతీయ పాఠశాల యొకదానిలో ఉద్యోగము లభింపగా 2024వ సంవత్సరము మార్చి నెలలో మేమిరువురమును వచ్చి చేరితిమి. మాకు వివాహమై పండ్రెండేండ్లు. ఆ పండ్రెండేండ్లును నేను అత్తమామలు, మరది, తోడికోడలు, వారి పిల్లలు, వచ్చిపోవు బంధువులు గల యింటనే యుంటిని. మేమిద్దరమే ఒక యింట తలుపు వేసికొని కూర్చుండుట ఇదియే మొదలు. సోదరీమణులారా, నాకు విదేశము క్రొత్తయైనదని మీరనుకొనవచ్చును. అంతకంటె నిది క్రొత్తగా నుండెను.

ఇచ్చట నేలమీది యిండ్లు మిక్కిలి తక్కువ. 1960లో ఏర్పడిన ప్రభుత్వ హౌసింగు బోర్డువారు కట్టించిన ఎత్తైన కట్టడములలోనే ఈ దేశవాసులలో ప్రతి పదుగురికిని సుమారు ఎనమండుగురు కాపురముందురు. అట్టి యింటిని సొమ్ము పోసి కొన్నవారికిని అది 99 ఏండ్ల కౌలు మాత్రమే. ఒకే జాతివారు ఒకచోట గుమిగూడకుండుటకై, ఏ కట్టడమున చీనులెందరు, మలయులెందరు, భారతీయులెందరు ఉండవచ్చునో 1989 నుండి మితి యేర్పరచినారు. ఈ కట్టడముల క్రిందిభాగము గోడలు లేక స్తంభములతో తెరపిగా నుండును. ఒకవారము అచ్చట మలయుల పెండ్లి, మరువారము చీనుల శవజాగరణము. మన వీథియరుగులే ఇచ్చట ఒక్కచోటికి చేరినట్లుండును.

పదునొకండవ అంతస్తున రెండు పడకగదుల ఫ్లాటొకటి మేము అద్దెకు తీసికొంటిమి. వంటయింటి ప్రక్కను చిన్న గది యొకటి కలదు. దాని గోడలు జానెడుకు మించిన మందము, తలుపు ఉక్కు. యుద్ధము వచ్చినచో తలదాచుకొనుటకు ఇట్టి గది ప్రతి క్రొత్తయింటను ఉండవలెనని 1997లో చట్టము చేసిరి. శాంతికాలమున అందరును దానిని కొట్టుగదిగా వాడుకొందురు. బాంబులకు వెరచి కట్టిన గదిలో నేను కందిపప్పు డబ్బాను, ఆవకాయ జాడీని భద్రపరచితిని. వానికి అంతటి రక్షణ నెల్లూరిలో ఎన్నడును లేదు. మరది పిల్లలుండిరి గదా!

ఇల్లు చూపిన మధ్యవర్తి రెండవ గది తలుపు తెరచి "ఇది పిల్లలకు" అనెను. మాకు పిల్లలు లేరు. పేరంటమునకు పోయిన ప్రతియింటను ఈ మాటకు సమాధానము చెప్పి చెప్పి అలసినదానను. ఇచ్చటను చెప్పబోవునంతలో మావారు "ఇది పుస్తకములకు" అనిరి. అతడు తల యూచి, కిటికీ కొలతలు చెప్పసాగెను. అంతకుమించి ఎవరును ఏమియు అడుగలేదు.

ఏ దినమైనను ఇచ్చట సూర్యోదయము ఏడుగంటల ప్రాంతముననే. భూమధ్యరేఖకు ఒక డిగ్రీకి కొంచెము పైగా ఉత్తరమున నున్న యూరగుటచే పగలు పెరుగుటయు తరుగుటయు తెలియదు. ఆపై ఈ దేశపు గడియారము, ఉండవలసినదానికంటె ముందు నడచుచున్నది. 1982 నుండి ఇట్లే యున్నది. ఋతువులారని చదువుకొన్న నాకు వేడియు వానయు దప్ప వేరొకటి కానరాలేదు. దోసెపిండికి మాత్రమిది స్వర్గము: రాత్రి రుబ్బినది తెల్లవారునప్పటికి గిన్నె దాటివచ్చును. రుబ్బుటకు తెచ్చిన మన యంత్రమునకు గుండ్రని ముండ్లు, ఇచ్చటి గోడలకు పలకల రంధ్రములు. వానికి మధ్య సంధి కుదుర్చు చిన్న బిళ్లను మావారు మొదటి దినముననే కొనితెచ్చిరి.

నీటి సంగతి కొంచెము చెప్పవలెను. కొళాయినీరు కాచకయే త్రాగవచ్చును. ఆ నీరు నాలుగు దారుల వచ్చుచున్నదట. జలాశయములలో పట్టిన వాననీరు ఒకటి, 1962 నాటి ఒడంబడిక ననుసరించి జొహోరు నుండి తెచ్చుకొనునది రెండవది, ఉప్పు తీసిన సముద్రజలము మూడవది. నాలుగవది, ఇండ్లలో వాడి పారబోసిన నీటినే శుద్ధిచేసి మరల తెచ్చినది. 2003 నుండి ఈ పద్ధతి నడచుచున్నది. ఇది విన్న తరువాత రెండుదినములు నాకు గుటక దిగలేదు. మడి గట్టుకొని నైవేద్యము వండు నీరు గదా! మావారు నల్లబల్ల లేని కొరతను గోడమీద వ్రేలితో తీర్చుకొనుచు, దానిని అతిసూక్ష్మములైన పొరలగుండ వడకట్టుదురనియు, పిదప అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేయుదురనియు, అందు హెచ్చుభాగము కర్మాగారములకే పోవుననియు, వానలు తక్కువైనప్పుడు కొంత జలాశయములలో కలుపుదురనియు చెప్పిరి. పాఠము ముగిసినను నా మనస్సు సమాధానపడలేదు. మూడవనాడు స్నానము చేయుచుండగా నాకే తోచినది: మా పెన్నలో ఎగువ యూళ్లవారు వాడని నీరు ఎంత వచ్చుచుండెను? సూర్యుడు పైకి లాగి మేఘములకిచ్చు నీటిలో ఎవరును ముట్టనిది ఎంత? ఆనాటినుండి ఆ నీటితోనే వండి దేవునికి పెట్టుచున్నాను. ఈ సంగతి అత్తగారికి మాత్రము ఫోనులో ఇంకను చెప్పలేదు.

మావారు చీకటితోనే బయలుదేరి పోవుదురు. సాయంకాలము వరకు ఇంట నేనొక్కతెను. భర్త ఉద్యోగమును బట్టి వెంట వచ్చిన భార్య జీతమునకు పనిచేయవలెనన్నచో 2021 మే నెలనుండి తనకై వేరుగ అనుమతిపత్రము సంపాదింపవలెను. కావ్యములు చదివినదానికి అట్టి పత్రము నిచ్చువారెవరు? తొలివారములలో ఇల్లు ఎంత నిశ్శబ్దముగా నుండెననగా, శీతలపేటిక గుర్రుమనుట ఆగినప్పుడెల్ల నేను తలయెత్తి చూచుచుంటిని. అద్దాల కిటికీనుండి ఎదుటి పాత కట్టడములవారు వెదురుగడలకు బట్టలు తొడిగి జెండాలవలె బయటికి చాపుట చూచుచు కొన్ని మధ్యాహ్నములు గడపితిని.

ఇచ్చట చాలమంది చెక్కతలుపు తెరచి, ఇనుపకటకటాల తలుపు మాత్రము మూసి యుంచుదురు. మా ప్రక్కింటి మలయు ముసలమ్మయు అట్లే యుంచును. ఆమెను చూచి నేనును చెక్కతలుపు తెరచితిని. ఆమెను అందరును "మక్‌చిక్" అందురు. మన పిన్నమ్మ వంటి పిలుపది. నాకు ఇంగ్లీషు స్వల్పము, ఆమెకును అంతే. ఒకనాడు మావారి చెప్పులు చూపి "సువామి?" అని అడిగెను. మలయుభాషలో భర్త సువామి, భార్య ఇస్తెరి, బోధకుడు గురు, భాష బహాస, ఉపవాసము పువాస! మా నాయనగారు అరుగుపై కూర్చుండబెట్టి నాచే వల్లెవేయించిన అమరములోని మాటలు, నాకంటె వేయేండ్లకు పైగా ముందే సముద్రము దాటి వచ్చి, ఈ వసారాలో నాకొరకు వేచియున్నట్లయ్యెను. నేను "సువామి, గురు" అంటిని. అవ్వకు అంతయు బోధపడినది.

ఆ యేడు ఏప్రిల్ 9న మన క్రోధి సంవత్సరాది, మరునాడే వారి ఉపవాసమాసము ముగియు పండుగ. టెక్కా అంగడి వీథులలో ఎండు వేపపువ్వును, మామిడికాయయు దొరకినవి. నేను పచ్చడి గిన్నె తీసికొనిపోగా, అవ్వ ఆకాశమును చూపి "పువాస" అని మూతపెట్టి ప్రక్కనుంచెను. సాయంకాలము ఏడు దాటి ప్రొద్దు గ్రుంకిన పిదప వసారాలోనికి వచ్చి, చెంచాతో నాలుకపై వేసికొని, చేదు తగులగా ఒక కన్ను మూసి, నవ్వి, గిన్నె ఖాళీచేసి ఇచ్చెను. మరునాడు ఆ గిన్నెలోనే ఒండె-ఒండెలను మిఠాయి వచ్చినది. బియ్యపుపిండి ఉండలో బెల్లపుపాకము, పైన కొబ్బరికోరు. మన పూర్ణపుకుడుమునకు పినతల్లి కూతురు. ఆ పండుగను వారు "హరి రాయ" అందురు. హరి యనగానే నాకు నారాయణుడు మనస్సున మెదలును. వారి భాషలో హరి యనగా దినము, రాయ యనగా గొప్పది.

ఇక మావారి విషయము. నెల్లూరిలో ఆయన వంటయింటి గడప దాటి యెరుగరు, దాటనిచ్చువారును లేరు. ఇచ్చట మొదటివారముననే భోజనానంతరము చొక్కాచేతులు మడిచి గిన్నెలముందు నిలిచిరి. వలదంటిని. "ఇచ్చట చూచువారెవరు?" అనిరి. ఆయన గిన్నెలు తోముచుండగా నేను ఊరక కూర్చుండలేక విరాటపర్వము తీసి చదువ నారంభించితిని. భీముడంతటివాడు వంటవాడైన కథ గదా, సమయమునకు తగియున్నది. అదియే అలవాటైనది. ఒకరాత్రి ఆయన కొళాయి కట్టివేసి "పండ్రెండేండ్లలో నీ గొంతు ఇంతసేపు విన్నది లేదు" అనిరి. నిజమే. ఆ యింట నా గొంతు కాఫీకి పిలుచుటకును, బియ్యమెంత పోయవలెనని అడుగుటకును సరిపోయినది.

మరియొక రాత్రి పిల్లల మాట వచ్చినది. నెల్లూరిలో ఆ మాట మమ్మును గూర్చి ఇతరులు మాట్లాడిరే గాని మేమిరువురము ఎన్నడును మాట్లాడుకొని యుండలేదు. తెల్లవారుజామువరకు మాట్లాడుకొంటిమి. ఏమనుకొంటిమో ఇచ్చట వ్రాయను. రెండవ గదిలో ఒక ప్రక్క ఆయన గణితగ్రంథములును, మరియొక ప్రక్క నా భారతభాగవతములును చేరినవి. కిటికీక్రింద కొంతచోటు ఇంకను విడిచియే యున్నది.

అందరు కూడియుండుట చెడ్డయని నేననను. గతమాసమున మూడుదినములు జ్వరముతో పడియుండగా మా తోడికోడలి చేతి మిరియాలచారు తలపునకు రాని ఘడియ లేదు. మావారు పెట్టిన చారు త్రాగితిని. అది వేరు సంగతి.

తులసికుండను కటకటాల తలుపువెలుపల ఉంచితిమి. ఇచ్చట డెంగీ జ్వరమునకు వెరచి, నిలువనీటిలో దోమపిల్లలున్నవేమో చూచుటకు అధికారులు ఇండ్లకు వత్తురు. ఒక ఉద్యోగి వచ్చి కుండక్రింది పళ్లెమును వెలుగున కెత్తి పరిశీలించి, అది పొడిగా నుండుట చూచి సంతోషించి, నీరెప్పుడును నిలువనీయవలదని చెప్పిపోయెను. దానితో నాకు చిక్కులేదు. చిక్కెక్కడనగా, కుండ గోడకానియుండవలెను, వసారాలో దారికి అడ్డముండరాదు. కావున ప్రదక్షిణమునకు చోటు లేదు. నేను తిరుగుటకు మారుగా కుండనే త్రిప్పిన సరిపోదా యని మావారడుగుచున్నారు. సాపేక్షముగా రెండును ఒకటేయని వారి వాదము. కాదని నా వాదము. ఇంకను తేలలేదు.