లావొకోవాన్ కుడిచెయ్యి

నిద్రపట్టక ఫోన్‌లో లావొకోవాన్ విగ్రహం ఫొటోలు చూస్తూ కూర్చున్నా. వాటికన్ మ్యూజియంలో ఉంటుంది. ట్రాయ్ నగరపు పూజారి, ఇద్దరు కొడుకులు, ముగ్గుర్నీ చుట్టేసిన పాములు. గ్రీకులు వదిలివెళ్లిన చెక్కగుర్రాన్ని లోపలికి తేవద్దని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినందుకు ఆయనకు పట్టిన గతి అది. సరే, ఆయనంటే చెప్పాడు. పిల్లలేం చేశారు పాపం?

1506 జనవరిలో రోమ్‌లో ఓ ద్రాక్షతోటలో తవ్వుతుంటే ఈ పాలరాతి శిల్పం బయటపడింది. పోప్ రెండో జూలియస్ పురమాయిస్తే చూడటానికి వెళ్లినవాళ్లలో మైకెలాంజిలో కూడా ఉన్నాడు. అప్పటికే తండ్రికి కుడిచెయ్యి లేదు. తర్వాత ఆకాశంలోకి చాచిన చెయ్యి ఒకటి చేసి తగిలించారు. కాదు, వెనక్కి మడిచి ఉండేదని మైకెలాంజిలో అన్నాడని చెప్పుకుంటారు.

ఆ చాచిన చెయ్యి ఉన్న పాత ఫొటోలు చూస్తే నాకు సభలో ఉపన్యాసం దంచుతున్న పెద్దమనిషే గుర్తొస్తాడు. నొప్పి కనబడదు, దర్జా కనబడుతుంది.

1906లో లుడ్విగ్ పొలాక్ అనే పురావస్తు పండితుడికి రోమ్‌లోనే, రాతిపనివాళ్ల దగ్గర, ఓ పాత పాలరాతి చెయ్యి దొరికింది. మోచేతి దగ్గర మడిచి ఉంది! అది ఈయనదేనని తేల్చుకుని అతికించడానికి వాటికన్‌కు ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

అంతకుముందు చేసిన నకళ్లు చాలావాటిలో చెయ్యి ఇప్పటికీ పైకే ఉంది.